తడపని తునికాకు

మొన్న మధ్యాహ్నం పాప ఉయ్యాలలో నిద్రపోతుంటే అలమారా సర్దుతూ నా డిగ్రీ నోటు పుస్తకం తెరిచాను. హిట్లర్ కాలంలో కరపత్రాలు పంచిన ఒక జర్మన్ స్త్రీ గురించి రాసుకున్న పేజీ వచ్చింది. పసిబిడ్డ తల్లి. ఎంత హింసించినా తోటివాళ్ల పేర్లు చెప్పలేదు, చివరికి ఆమె తల నరికారు. ఆ పాఠం విన్న రోజు నాకు మా అవ్వ, అంటే మా అమ్మ, చేతివేళ్లు గుర్తొచ్చి, వాక్యం సగంలోనే కలం ఆగిపోయింది.

అప్పుడు నాకు ఏడేళ్లు. అవ్వ బీడీలు చేసేది. ఒక పొద్దున చెన్నూరు నుంచి చిన్నమ్మ వచ్చి, పోలీసులు పట్టుకెళ్లి కాల్చేసినవాళ్ల పేర్లున్న కరపత్రాల కట్ట ఇచ్చి, నా చేతి మంచినీళ్లు తాగి వెళ్లింది. అవ్వ ఆ కట్టను తునికాకు మూటలో దాచి, ఎప్పటిలాగే చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బీడీలు చేసిన ఇళ్లవాళ్లకు తెలుసు, ఆకు తడిపి తడిగుడ్డలో చుట్టిపెట్టకపోతే చుట్టేటప్పుడు చిట్లిపోతుంది. కాగితాలు నానుతాయని ఆ రోజు అవ్వ ఆకు తడపలేదు.

సోదాకు వచ్చినవాళ్లు ఇల్లంతా చిందరవందర చేసి వెళ్లబోతుండగా ఒక కానిస్టేబుల్ వంగి ఆకు ముట్టుకున్నాడు.

"మా అవ్వ గూడ బీడీలే జేస్తది. పొడి ఆకుతోని ఎట్ల జేస్తున్నవే? జర నాకూ నేర్పు" అని నవ్వాడు.

మూట విప్పారు.

"ఎవలిచ్చిండ్రు?"

"బాట మీద దొరికినయ్ సారూ."

అవ్వ కుడిచెయ్యి గడప మీద పెట్టించి తుపాకీ మడమతో కొట్టారు. ఎండిన కందికట్టె విరిగినట్టు చప్పుడైంది, పొడి ఆకుల మీద రక్తం చిమ్మింది. అయినా చెప్పలేదని ఆ కానిస్టేబుల్ నా జుట్టు పట్టి లేపాడు.

"నువ్వు జెప్పు బిడ్డా, పొద్దుగాల ఎవలొచ్చిండ్రు?"

"గా పోరికేం తెల్వది సారూ, పండుకొని ఉండె" అంది అవ్వ, నా వైపు చూడకుండా.

చూసి ఉంటే చెప్పేసేదాన్నేమో.

"ఎవ్వలు రాలే" అన్నాను. చెంపదెబ్బకు పన్ను ఊడి నోరంతా రక్తమైంది. రెండో దెబ్బకూ, మూడో దెబ్బకూ అవ్వ కళ్లు మూసుకుందే తప్ప చెల్లెలి పేరు చెప్పలేదు. ఆమెను జీపులో తీసుకెళ్లి తొమ్మిదో రోజు వదిలేశారు. ఆ వేళ్లు మళ్లీ ముడుచుకోలేదు. చిన్నమ్మ ఇప్పటికీ వచ్చినప్పుడల్లా అవ్వ తల దువ్వి జడ వేస్తుంది.

ఇప్పుడు మా ఊళ్లో సోదాలు లేవు. మా వాడలో ఆకు తడిపే ఇల్లూ లేదు. నన్ను కొడుతుంటే ఎట్లా ఊరుకున్నావని అవ్వను ఎన్నడూ అడగలేదు. ఆ జర్మన్ తల్లి బిడ్డ పెద్దదై ఎవరిని అడిగిందో. ఒకటి మాత్రం సిగ్గుపడుతూ రాస్తున్నాను: నా పాప జుట్టు మీద ఎవరైనా చెయ్యి వేస్తే, మొదటి దెబ్బ పడకముందే నేను అందరి పేర్లూ చెప్పేస్తాను, చిన్నమ్మ పేరుతో సహా.