అర్జెంటు కౌన్సిలరు

మా బావ ఏ గడపలో కాలు పెట్టినా మొదట అడిగే మాట ఒక్కటే: "బాత్రూం ఎటువైపండీ?"

కుశలప్రశ్నలు తర్వాత. కూర్చోవడం తర్వాత. ముందు బాత్రూం. ఆయన మా పదకొండో వార్డుకు కౌన్సిలరు. నేను ఆయనకు స్వయానా బావమరిదిని, కళ్లజోళ్ల కొట్టు పెట్టుకుని నా మానాన నేను బతికేవాణ్ణి. ఆయనకు స్కూటరు నడపడం రాదు, నాకు వచ్చు. అదే నా కొంప ముంచింది. కొట్టు మా ఆవిడకు అప్పగించి, రెండు పూటలా ఆయన్ని వెనక ఎక్కించుకుని వార్డంతా తిప్పడం నా వంతైంది. అంచేత ఆయన ఆ ప్రశ్న వేసిన ప్రతిచోటా పక్కన నిలబడి తల దించుకున్న ఘనత నాది. నా మెడ ముందుకు వంగింది కళ్లజోళ్ల పని వల్లనే అని డాక్టరు అంటాడు గానీ, అసలు కారణం నాకు తెలుసు.

ఒకసారి పరామర్శకు వెళ్లాం. రిటైరైన డ్రాయింగు మాస్టారు పోయారు. పెద్దకొడుకు బావను చూడగానే భోరుమంటూ వచ్చి భుజం మీద వాలిపోయాడు. బావ అతని వీపు నిమిరాడు. ఆయన కళ్లల్లోనూ నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లతోనే, "నాయనా, బాత్రూం ఎటువైపు?" అన్నాడు.

ఆ అబ్బాయి ఏడుపు ఆపకుండానే చెయ్యి చాపి దారి చూపించాడు. చుట్టూ ఉన్నవాళ్లలో సగం మంది నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు. దుఃఖం ఆపుకోవడానికేనని నేను నమ్మదలుచుకున్నాను.

కౌన్సిలుకు కొత్త భవనం కట్టినప్పుడు మరీ ఘోరం. చైర్మన్ గారు కత్తెర పట్టుకుని రిబ్బను ముందు నిలబడ్డారు. ఫొటోగ్రాఫరు "నవ్వండి సార్" అన్నాడు. సరిగ్గా అప్పుడు బావ ఇంజనీరు చెవిలో తన ప్రశ్న వేశాడు. చెవిలోనే వేశాడు గానీ, ఇంజనీరు చేతిలో మైకుంది.

"మొదటి అంతస్తులో ఎడమవైపు సార్" అన్నాడు ఇంజనీరు, ఊరందరికీ వినపడేలా.

"అది మగవాళ్లది కదయ్యా. ఆడవాళ్లది?"

ఇంజనీరు ప్లాను విప్పాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, తలకిందులుగా పట్టుకుని కూడా చూశాడు. మూడంతస్తుల భవనంలో ఆడవాళ్లకు బాత్రూం గియ్యడమే మర్చిపోయారు! నలుగురు మహిళా కౌన్సిలర్లూ ఒక్కసారిగా చైర్మన్ గారి వైపు తిరిగారు. ఫొటోగ్రాఫరు నవ్వమన్నందుకు ఆయన నవ్వబోయిన నవ్వు ఆ ఫొటోలో ఇప్పటికీ సగంలోనే ఉంది. ఆ రోజునుంచి చైర్మన్ గారికి బావంటే పడదు, ఊరికి బావ పేరు "అర్జెంటు కౌన్సిలరు".

మా అక్కకు ఈ పేరు చెవిన పడింది. ఇక ఊరుకుంటుందా? ఆయన్ని చెయ్యి పట్టుకుని స్పెషలిస్టు దగ్గరికి లాక్కుపోయింది. నేను స్కూటరు డ్రైవరుని గనక నేనూ వెళ్లాను. డాక్టరు గారు "కూర్చోండి" అనకముందే బావ అడగాల్సింది అడిగేశాడు. పరీక్షలన్నీ చేశారు. రిపోర్టులు చూసి డాక్టరు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"అమ్మా, ఈయనకి ఏ జబ్బూ లేదు. ఈ వయసులో ఇంత గట్టి మనిషిని నేను చూడలేదు. బస్సులో ఎక్కించి రెండ్రోజులు దింపకపోయినా ఏమీ కాదు."

"మరి ఊళ్లో ఇంటింటికీ వెళ్లి ఎందుకు అడుగుతున్నారండీ?" అంది అక్క ఏడుపుగొంతుతో.

"అది రిపోర్టులో రాలేదమ్మా."

అక్క ఆయన వైపు తిరిగింది. "ఏమండీ, నిజం చెప్పండి."

"అలవాటే" అన్నాడు బావ. ఆ రోజునుంచి అక్క ఆయనతో గుడికీ రాలేదు, పెళ్లికీ రాలేదు.

అన్నిటికంటే నా పరువు ఎక్కువగా పోయింది కూరగాయల మార్కెట్లో. రోజూ పదకొండింటికి ఒకసారి, మూడింటికి ఒకసారి బావ నన్ను అక్కడ ఆపమనేవాడు. దిగి సరాసరి బట్టల కొట్టుకు వెళ్లి, "అయ్యా, అర్జెంటు" అనేవాడు. కొట్టు వెనక సందులో వాళ్ల బాత్రూం ఉంది. కౌన్సిలరంతటి వాడు అడిగితే కాదనలేక కొట్టాయన తాళంచెవి ఇచ్చేవాడు. బావ దాన్ని తీసుకుని సందులోకి వెళ్లేవాడు. ఇక గంట దాకా తాళంచెవి తిరిగొచ్చేది కాదు.

ఒకనాడు కొట్టాయన నన్ను పక్కకు పిలిచాడు. "ఏమనుకోకండి. గంటసేపు లోపల ఏం చేస్తారండీ మీ బావగారు?"

"తెలీదండీ."

"మా గుమాస్తాలు ఒంటికాలి మీద నిలబడి గుడ్డ కోస్తున్నారు. నిన్న మూడు మీటర్లు అడిగితే నాలుగు కోసి ఇచ్చాడొకడు."

ఉన్నమాట ఎలా చెప్పను? బావ అప్పటికే సందులోంచి బయటికొచ్చి, ఏ టీ బల్ల మీదో కూర్చుని పేపరు చదువుకుంటూ తాళంచెవి సంగతి మర్చిపోయేవాడు. అడిగితే, "ఆఁ, ఇస్తాన్లే, ఎక్కడో పెట్టాను" అనేవాడు. జబ్బు లేదన్నారు సరే, మతిమరుపు పరీక్ష కూడా చేయించాల్సిందని అనుకున్నాను.

ఇక అసలు గొడవకొస్తాను. ఆ మార్కెట్లోనే ఒక మూల కౌన్సిలు వారి పబ్లిక్ బాత్రూం ఒకటుంది. ఉందనడం మర్యాద కోసం. రెండేళ్లుగా దానికి తాళం. అందులో పాత వీధిదీపాల స్తంభాలు పడేశారు. మార్కెట్లో కూరలమ్మేవాళ్లు నూటనలభై మంది, అందులో నూటపది మంది ఆడవాళ్లు. పొద్దున ఐదింటికి వచ్చి సాయంత్రం ఆరింటికి వెళ్తారు. ఆ గదిని ఇక శాశ్వతంగా గోడౌనుగా మార్చేద్దామని చైర్మన్ గారు తీర్మానం పెట్టారు.

బావ లేచి అడ్డు చెప్పాడు. చైర్మన్ గారు ఫైలు తెరిచి చూపించారు.

"రెండేళ్లలో ఒక్క ఫిర్యాదు కూడా లేదు. ఉన్నవన్నీ మీవే. మీ ఒక్కరి అర్జెంటు కోసం ఊరు బాత్రూం కట్టదండీ." సభంతా ఘొల్లుమంది.

"ఆడవాళ్లు నోరు తెరిచి రాయలేరు సార్."

"రాయక్కర్లేదు. వార్డు సభ పెడతాను. వచ్చి చెప్పమనండి."

వార్డు సభ పెట్టారు. రెండొందల మంది మగవాళ్లు, మైకు, లోకల్ చానెల్ కెమెరా. ఆకుకూరల ఆవిడ లేచింది. బేరంలో ఆవిడను మించినవాళ్లు లేరు, కట్టకు రెండు రెమ్మలు ఎక్కువడిగితే ఏడు తరాలకు సరిపడా మాటలంటుంది. అలాంటి మనిషి మైకు పట్టుకుంది. కెమెరా వైపు చూసింది. మగవాళ్ల వైపు చూసింది.

"అయ్యా... అక్కడ... దుమ్ము బాగా ఎక్కువుందండీ" అని కూర్చుంది.

మర్నాడే కౌన్సిలు వారు ట్యాంకరు పంపించి మార్కెట్ అంతా నీళ్లు చల్లించారు. అడిగింది ఒకటి, కురిసింది ఒకటి. టమాటాలు తడిసిపోయాయి. బావ ఆ బురదలో నిలబడి తడిసిన టమాటాలు ఏరి బుట్టల్లో వేశాడు. తర్వాత స్కూటరెక్కి, "పద, కౌన్సిలు రూల్సు పుస్తకం చదవాలి" అన్నాడు.

నాలుగు వందల పేజీల పుస్తకం. వారం రోజులు అన్నం తింటూ చదివాడు, అరుగు మీద చదివాడు, స్కూటరు వెనక కూర్చుని చదివాడు. గుంటలొచ్చినప్పుడల్లా పుస్తకం నా వీపుకు తగిలేది. ఎనిమిదో రోజు నా వీపు మీద గట్టిగా చరిచాడు.

"దొరికిందిరా! ఏ భవనం వాడకం మార్చాలన్నా సభ్యులందరూ అక్కడికి వెళ్లి, కళ్లారా చూసి, అక్కడికక్కడే సంతకాలు పెట్టాలి."

"పెడతారు బావా. పది నిమిషాల పని. నీకు వ్యతిరేకంగా పెడతారు."

"ఎప్పుడు వెళ్లాలో మాత్రం వార్డు కౌన్సిలరు నిర్ణయించాలట" అన్నాడు బావ. మొదటిసారి ఆయన మొహంలో ఒక దొంగనవ్వు చూశాను.

మంగళవారం పొద్దున తొమ్మిదింటికి పెట్టాడు. మంగళవారం మార్కెట్ ఉంటుంది గానీ చుట్టుపక్కల కొట్లన్నిటికీ సెలవు. తొమ్మిది దాటాక బంగాళాదుంపల లారీలు మార్కెట్‌కున్న ఒకే ఒక్క దారి, ఆ ముందు సందులోకి వస్తాయి. పన్నెండింటికి సరుకు దించేదాకా సైకిలు కూడా బయటికి పోదు. ఈ సంగతి వార్డులో అందరికీ తెలుసు, చైర్మన్ గారికి తప్ప.

చైర్మన్ గారు రాగానే బావ ఎదురెళ్లి చెయ్యి కలిపాడు. "ఎండ బాగా ఉంది సార్, ముందు కాస్త చల్లబడండి" అంటూ పుచ్చకాయల అతని దగ్గరికి తీసుకెళ్లాడు. ఒక ముక్క. ఇంకో ముక్క. "మూడోది వద్దంటే పాపం చిన్నబుచ్చుకుంటాడు సార్." తర్వాత సోడా. తర్వాత ఉల్లిపాయల వరస చూడాలి. తర్వాత టీ. తర్వాత మిరపకాయల వరస. మిరపకాయల దగ్గర తుమ్ములొస్తే మళ్లీ నీళ్లు. మగ కౌన్సిలర్లందరూ పిలిచిన పెళ్లికొచ్చినట్టు తిన్నారు, తాగారు. మహిళా కౌన్సిలర్లు నలుగురూ పుచ్చకాయ ముక్క కూడా ముట్టుకోలేదు. బయటికి వెళ్లినప్పుడు ఏం తినకూడదో ఆడవాళ్లకు ఒకరు నేర్పక్కర్లేదు.

పదిన్నరకు చైర్మన్ గారు గడియారం చూసుకున్నారు. పదీ నలభైకి కారెక్కబోయి, కారుకు అడ్డంగా ఉన్న లారీని చూశారు. పదకొండింటికి ఆయన మాటలు పొట్టివయ్యాయి. పదకొండుంబావుకు అసలు ఆగిపోయాయి. చివరికి నా భుజం మీద చెయ్యేసి, నా చెవిలో, చుట్టూ చూసుకుంటూ అడిగారు:

"ఇక్కడ... బాత్రూం ఎటువైపు?"

నా జన్మలో అంత ఆనందం ఎరగను. "బావా! చైర్మన్ గారు అడుగుతున్నారు!" అని అరిచాను.

"కొట్లన్నీ మూసేశారు సార్" అన్నాడు బావ వినయంగా. "ఉన్నదొకటే. అదిగో."

"తాళంచెవేదీ?"

ఇంజనీరు నీళ్లు నమిలాడు. "ఆఫీసులో ఉందండి."

"పగలగొట్టు!"

పగలగొట్టారు. లోపల స్తంభాలు, సాలెగూళ్లు. నీళ్లు లేవు, కాలు పెట్టడానికి చోటు లేదు. చైర్మన్ గారు గుమ్మం దగ్గర కాళ్లు మెలేసుకుని నిలబడిపోయారు. ఎదురుగా ఆకుకూరల ఆవిడ కూర్చుని ఉంది.

"మరి మీరేం చేస్తారమ్మా?" అన్నారు, దాదాపు ప్రాధేయపడుతూ.

ఈసారి మైకు లేదు, కెమెరా లేదు. అడుగుతున్నవాడి అవస్థ కళ్ల ముందే ఉంది. ఆవిడకు సిగ్గెందుకు?

"ఏం చేస్తాం బాబూ, ఇంటి దగ్గర బయల్దేరినప్పటినుంచీ నీళ్లు ముట్టం. సాయంత్రం ఆరింటికి పోయి తాగుతాం. మొన్న మిరపకాయల పిల్ల అలాగే కళ్లు తిరిగి పడిపోయింది. ఆరో నెల దానికి."

చైర్మన్ గారు ఒక్క క్షణం తన అవస్థ మర్చిపోయారు. ఆ క్షణంలో ఆయన మొహం చూసి నాకు ఆయన మీద కోపం పోయింది.

"సంతకం ఎక్కడ పెట్టాలయ్యా?" అన్నారు. గోడౌను వద్దు, బాత్రూమే కావాలని ముందు ఆయన, వెనకే మిగతావాళ్లూ పెట్టారు. ఆయన సంతకం ఆఖర్న గుట్టెక్కినట్టు పైకిపోయింది. తర్వాత లారీ కింద నుంచి దూరి ఆయన సందు దాటిన తీరును నడక అనడానికి వీల్లేదు.

ఏడు వారాల్లో బాత్రూం తయారైంది. నీళ్లు, దీపం, లోపలినుంచి గడియ. మొదటిరోజు నేను ఆకుకూరల ఆవిడ దగ్గర నిలబడి మా బావ వేసిన ఎత్తు గురించి గొప్పలు పోతున్నాను.

"అది సరే బాబూ. ఈ రెండేళ్లూ మమ్మల్ని గట్టెక్కించింది ఎవరనుకున్నావు?" అందావిడ.

"ఎవరు?"

"మేం అడిగితే బట్టల కొట్టాయన తాళంచెవి ఇస్తాడా? తరిమేస్తాడు. అందుకని మీ బావ తనకే అర్జెంటని అడిగి తెచ్చి, నా బుట్ట కింద పెట్టిపోయేవాడు. ఆ గంటలో మాలో మరీ ఆగలేనివాళ్లం వెళ్లొచ్చేవాళ్లం. ఒకరోజు, 'అయ్యా, మీ పరువు పోతోంది' అన్నాను. 'నాకింకా చాలా ఉందమ్మా, కాస్త పోనీ' అన్నాడు."

కొట్టువాడికి అనుమానం రాకూడదని ఊళ్లో గడప గడపకూ తనే ఆ జబ్బు చాటింపు వేసుకున్నాడన్నమాట, పరామర్శలతో సహా!

ఇంటికి పోయి అక్కకు చెప్పాను. అక్క చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. బావ వరండాలో చెప్పులు విప్పుతున్నాడు.

"ఏమండీ, రెండేళ్లూ నాకొక్కదానికైనా చెప్పొచ్చు కదా?"

"చెప్తే నువ్వు సిగ్గుపడటం మానేస్తావు. నువ్వు అంత సిగ్గుపడబట్టే కదే జనం నమ్మారు!"

అక్క గరిటె ఎత్తింది. కొట్టడానికో, కళ్లు తుడుచుకోవడానికో తేల్చుకోలేక మళ్లీ కూరలో పెట్టి తిప్పింది. "వడ్డిస్తున్నాను, రండి. ఇద్దరూ రండి" అంది.

నిన్న పొద్దున తొమ్మిదింటికి మార్కెట్ మీదుగా వెళ్లాం. టీ బల్ల దగ్గర ఆడవాళ్లు ఇరవై మంది మూగి ఉన్నారు. టీ అతను రెండో కెటిలు కొన్నాడు, అయినా చేతులు చాలడం లేదు. ఆకుకూరల ఆవిడ గ్లాసు ఎత్తి చూపిస్తూ గొంతు చించుకుంటోంది:

"ఇది టీనా? సగం గ్లాసు పోసి ఎవరి కళ్లు కప్పుదామని? నిండుగా పొయ్యి!"