నాకూ నా ఎలుకలకూ ఒకేసారి తల్లి పోసింది

ఇప్పుడు వనపర్తిలో మా వీధిలో ఎవరిని కదిపినా ఇమ్యూనిటీ మీద ఉపన్యాసం ఇస్తారు. కాలేజీలో జీవశాస్త్రం చెప్పుకుని బతుకుతున్న నాకే, కషాయం తాగితే ఏ కణం ఎటు పరిగెడుతుందో వివరిస్తారు. ఆ రోజుల్లో ఈ జ్ఞానంలో పదో వంతు మా తెలకపల్లి ఇంట్లో ఉండి ఉంటే వాదించి వాదించి నాకు అంత గొంతునొప్పి వచ్చేది కాదు. ఎమ్మెస్సీ కాగానే హైదరాబాదులో ఒక పరిశోధనశాలలో తాత్కాలికంగా చేరాను. మనుషులకు అమ్మవారు పోసినట్టే ఎలుకలకూ ఒక జబ్బు ఉంది. (మనకు అంటదు. ఈ ముక్క అప్పుడు ఊరందరికీ చెప్పాను, మీకూ చెబుతున్నాను.) ఆ వైరస్‌ను ఎలుకలకు ఎక్కించి, వాటి ఒంట్లోని రక్షక కణాలు ఏం చేస్తాయో చూడటం మా పని. ఇది ఉద్యోగమంటే మా నాయనకు నమ్మకం కుదరలేదు. పల్లికాయ మూటల సందుల్లో తాను ఎలుకలకు మందు పెడుతుంటే, అంత చదివించిన కూతురు వాటిని రోజూ తూకం వేసి బాగోగులు చూస్తోందాయె.

మా దగ్గర రెండు జాతుల ఎలుకలు ఉండేవి. నల్లవాటికి పాదంలో వైరస్ ఎక్కిస్తే, మోకాలి వెనక ఉండే చిన్న గ్రంథికి రక్షక కణాలు గబగబా చేరుకుని దాన్ని అక్కడే ఆపేసేవి. ఎలుక ఏమీ జరగనట్టు గింజలు కొరుక్కుంటూ కూర్చునేది. తెల్లవాటిలో ఆ కణాలు ఆలస్యంగా, అరకొరగా వచ్చేవి. అవి వచ్చేసరికి వైరస్ కాలేయం దాకా వెళ్లిపోయేది, ఎలుక చచ్చిపోయేది. ఎందుకు ఆలస్యమవుతున్నాయన్నదే మా అందరి తలనొప్పి. మా సారు మొదటిసారి ఒక తెల్ల ఎలుకల జట్టును పూర్తిగా నా చేతికి అప్పగించారు. సోమవారం వైరస్ ఎక్కించేదీ నేనే, తర్వాత గ్రంథులు తీసి కణాలు లెక్కించేదీ నేనే. సరిగ్గా చేస్తే వ్యాసంలో నా పేరు వేస్తామన్నారు. లోకంలో నాకు అంతకంటే కావలసింది ఇంకేమీ లేదు.

ఆ సోమవారానికి ముందు శుక్రవారం ఇంటికి వచ్చాను. మా మేనత్త కూడా పెద్దమందడి నుంచి వచ్చి ఉంది. ఆ సాయంత్రం ఆమెను కూర్చోబెట్టి నల్లవాటి గొప్ప, తెల్లవాటి చేతకానితనం విడమరిచి చెప్పాను. (అడగలేదు. అయినా చెప్పాను.) తెల్లవారేసరికి నాకు ఒళ్లు కాలిపోతోంది, వీపు మీద పొక్కులు. హాస్టల్లో నా పక్క మంచం అమ్మాయికి పదిహేను రోజుల కింద ఇవే వచ్చాయి. మా అత్త దీపం దగ్గరగా పట్టి చూసి, నిజంగా తెలుసుకుందామనే అడిగింది: "కోడలా, మరి నువ్వు నల్లెలుకవా, తెల్లెలుకవా?"

మా అమ్మ గడపకు వేపమండలు కట్టింది. ఇంట్లో తాళింపు బంద్. చెప్పులతో ఎవరూ లోపలికి రాకూడదు. నాకు తిండి చల్ల, జొన్న గటక మాత్రమే. ఇది వేరే వైరస్ అనీ, హాస్టల్లో అంటుకుందనీ, ఒంట్లో చేరాక రెండు వారాలకు గాని బయటపడదనీ నేను పడుకునే పాఠం చెప్పాను. అమ్మ అంతా విని నా దిండు కింద ఇంకో రెబ్బ పెట్టి అన్నది: "నువ్వు ఎలుకలకు తల్లి పోయిస్తివి. తల్లి ఊకుంటదా బిడ్డా?"

ఇక మా అత్త సంగతి. నిన్నటిదాకా నా నోటి దురుసు గురించి ఊరంతా చెప్పిన మనిషి, ఇప్పుడు చేతులు జోడించి, వాళ్ల పల్లి చేను మీద జర దయ చూడమని నన్ను మొక్కుతోంది. తల్లి ఒంటి మీద ఉన్నంతకాలం మనిషే తల్లి, అడిగింది కాదనకూడదు కదా. ఆదివారానికి ఈ ఏర్పాటులోని సౌకర్యం నాకు తట్టింది. కళ్లు సగం మూసి, గొంతు బరువు చేసి, సోమవారం పొద్దున నన్ను హైదరాబాదు బస్సెక్కించాలని ఆజ్ఞాపించాను. (నేను ఎమ్మెస్సీలో ఫస్టుక్లాసు.) అత్త అప్పుడే లేచి నా సంచి సర్దబోయింది. అమ్మ మాత్రం ఉన్నచోటు నుంచి కదలలేదు.

"తల్లి అడిగితే నేనే పంపుదును వదినె. గిది దీని గొంతు. పుట్టినప్పటి సంది ఇంటున్న."

చివరికి నాయన గడప అవతల నిలబడి సారుకు ఫోన్ కలిపి స్పీకరు పెట్టాడు. మా బిడ్డకు తల్లి పోసిందని చెప్పాడు. జ్వరం తగ్గింది, పొద్దున్నే వచ్చేస్తానని నేను లోపలి నుంచి అరిచాను. సారు చాలా మర్యాదగా, పొక్కులన్నీ ఎండి రాలిపోయేదాకా ఇటువైపు రావద్దనీ, ఎలుకలున్న గది ఛాయలకు అసలే రావద్దనీ అన్నారు. నా జట్టు ఆగదా అని నాయన పాపం అడిగాడు. ఆగదట. ఎలుకల వయసు దాటిపోతుందట. గ్లవ్స్ రాణి చూసుకుంటుందట. (ఒకదాని మీద ఒకటి రెండు జతల గ్లవ్స్ వేసుకునే మా సీనియరుకు నేను పెట్టిన పేరు అది.) అమ్మ గెలిచిన ముఖంతో నా వైపు తిరిగింది.

"చూసినవా? మీ సారు గూడ నా మాటే చెప్తుండు."

అదీ ఇదీ ఒకటి కాదు, ఆయన భయపడుతున్నది అంటువ్యాధికి, నువ్వు భయపడుతున్నది దేవతకు అని ఆ రోజంతా వాదించాను. పొక్కులు గొంతులోకీ దిగాయి గనక మధ్యలో మాట రాకపోతే చేతులతో వాదించాను. అమ్మ మూడుసార్లు నీళ్లు పోశాక గాని గడప దాటనివ్వలేదు. అప్పటికి అక్కడ అంతా అయిపోయింది. తెల్లవాటిలో కణాలు ఎప్పటిలాగే ఆలస్యంగా వచ్చాయి, గ్లవ్స్ రాణి ఒక్కటీ తప్పిపోకుండా లెక్కపెట్టింది, వ్యాసంలో ఆమె పేరు చేరింది. నేను సారు గదిలోకి వెళ్లి, జబ్బు చేయడం నా తప్పెలా అవుతుందని నిలదీశాను. ఆయన అంతా ఓపిగ్గా విని, నన్ను శాంతింపజేయడానికి వెంటనే ఒక జట్టు ఇచ్చారు. నల్ల ఎలుకలు.

వాటికి జ్వరం రాలేదు, తూకం తగ్గలేదు. కొత్తగా చూడటానికి ఏమీ లేదు. రోజూ గింజలు కొరుక్కుంటూ నిక్షేపంగా నా వైపు చూసేవి. ముఖం నిండా మచ్చలతో వాటి ఎదుట కూర్చుని నేను ఏడ్చాను. ఒక్కదానికైనా జబ్బు చేయలేదని అంతగా ఏడ్చిన ఆ పిల్ల ఇప్పుడు ఎదురుపడితే, చెప్పడానికి నా దగ్గర చాలా ఉంది. కాని వినదు, వాదనకు దిగుతుంది. నాకు తెలుసు.