దొరకు పెట్టిన అన్నం

మొన్న టీవీలో ఎక్కడిదో కరువు చూపించారు. ఒక తెల్లాయన ఎండిన చేలో నిలబడి మాట్లాడుతుంటే ఆ ఊరి మనిషి ఒకడు ఆయనకు గొడుగు పట్టుకున్నాడు. అతన్ని చూడగానే మా చిన్నాయన గుర్తొచ్చాడు. అయిదో తరగతితో ఆగిపోయినదాన్ని, ఇట్లాంటివి రాసే అలవాటు లేదు. తప్పులుంటే మన్నించండి.

అది తెల్లదొరలు మద్రాసు నుంచి ఏలుతున్న కాలం. మాది గిద్దలూరు దగ్గర ఊరు. చిన్నాయన మద్రాసులో అచ్చయ్యే ఒక తెలుగు పేపరుకు విలేకరి. విలేకరి అంటే చెవి మీద పెన్సిలు, సంచిలో పోస్టుకార్డులు, అంతే. రెండేళ్లుగా వానలు లేవు. గొర్రెల్ని నల్లమలకు తోలుకుపోయారు. మేము చింతగింజలు దంచి గంజి కాచుకుంటున్నాం. ఊరికి సర్కారు గంజి పోసే కేంద్రం ఇవ్వమని చిన్నాయన కార్డు మీద కార్డు రాసేవాడు. తలనూనె ప్రకటన కింద రెండు వరుసలు వేసేవాళ్లు. అంతలో లండన్ పేపరు దొర ఒకాయన కరువు చూడటానికి వస్తున్నాడని తెలిసింది. ఆయన రాస్తే పెద్ద ఆఫీసర్లు కదులుతారని చిన్నాయన ఆశ. మా బక్క ఎద్దుల బండి కట్టుకుని తానే స్టేషనుకు పోవడానికి సిద్ధమయ్యాడు.

"వదినా, మనం తాగే గంజే ఆయప్పకూ పొయ్యి. అది చూసేదానికే వస్తాండాడు" అన్నాడు మా అమ్మతో.

"ఇంటికొచ్చిన మనిషికి చింతగింజల గంజి పోసేదా మరిదీ? ఏం మాటలయ్యా అవి!" అని అమ్మ చేట తీసుకుని ఇల్లిల్లూ తిరిగింది. ఒక ఇంట్లో గుప్పెడు బియ్యం, ఒక ఇంట్లో దోసెడు. నెయ్యి మాత్రం అడిగి తెచ్చింది చిన్నాయనే. దొర చెమట తుడుచుకుంటూ రెండుసార్లు అడిగి వడ్డించుకున్నాడు. మేము గడప అవతల కూర్చుని ఆ వాసన పీల్చాం. తినే మనిషికి ఆ అన్నం ఎక్కడిదో చెప్పొద్దని అమ్మ కళ్లతోనే చిన్నాయనను ఆపింది. దొర రైలెక్కేటప్పుడు చిన్నాయన ఉండబట్టలేక, వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పేశాడట. దొర నవ్వి భుజం తట్టాడట.

నెల తిరిగేసరికి దొర రాసింది తెలుగులో వచ్చింది, చిన్నాయన పేపరులోనే, మొదటి పేజీలో. ఆ వైపు కరువు అంతగా లేదట, పేదింట్లో కూడా అన్నం, నెయ్యి పెట్టారట. చిన్నాయన గురించి "బండివాడు" అని ఒక్క మాట. గంజి కేంద్రం వేరే తాలూకాకు పోయింది.

"రెండేండ్లు నేను రాస్తే ఎవురూ నమ్మలేదు. ఒక పూట తినిపోయినోడు రాస్తే నమ్మినారు, చూడు వదినా" అన్నాడు చిన్నాయన.

ఆ ఎండాకాలంలోనే మా తమ్ముడు పోయాడు. మూడేళ్లవాడు. ఆ రోజు దొర విస్తట్లో మిగిల్చిన నాలుగు మెతుకులు, ఎంగిలని కూడా చూడకుండా, అమ్మ వాడికే పెట్టింది. వాడు తిన్న ఆఖరి వరి అన్నం అదే.

దొర మా ఊళ్లో ఉన్నది ఒక్క పూట. ఇన్నేళ్లయినా మా ఇంట్లో ఆ పూట అయిపోలేదు.