మా క్లాసు సుగ్గికి పోయేది

ఎమ్మిగనూరులో మేముండే వీధి చివర ఒక పిండిమర ఉంది. ఎండలు ముదిరి, ఇళ్ళల్లో ఏడాదికి సరిపడా కారం పట్టించుకునే రోజులు రాగానే ఆ మర దగ్గర ఎండుమిరప ఘాటు వీధంతా కమ్ముకుంటుంది. అటు పోయే వాళ్ళు ముక్కుకు కొంగులు అడ్డం పెట్టుకుని, తుమ్ముకుంటూ నవ్వుకుంటూ పోతారు. నాకు మాత్రం తుమ్ము రాదు. ఆసుపత్రిలో నర్సుగా ఇన్నేళ్ళు చేసి, ఎన్నో చూసి గట్టిపడిన మనిషిని, ఆ ఘాటు తగిలితే మళ్ళీ ఆదోని బాలికల హైస్కూల్లో, రేకుల కప్పు కింద, పదో తరగతి రెండో బెంచీలో కూర్చున్న ఎస్తేరునైపోతాను.

మా ఊరు ఆదోనికి ఎమ్మిగనూరుకి నడుమ, నల్లరేగడి చేల మధ్య ఉండేది. పొద్దున్నే జొన్నరొట్టె, పుంటికూర పప్పు గుడ్డలో మూట కట్టుకుని, కిక్కిరిసిన బస్సులో ఒంటికాలి మీద నిలబడి ఆదోనికి పోయేవాళ్ళం. క్లాసులో ఉర్దూ మాట్లాడే వాళ్ళు, ఇంట్లో కన్నడం మాట్లాడే వాళ్ళు, మాలాంటి పల్లె కూలీల పిల్లలు అందరం కలిసే కూర్చునేవాళ్ళం. మధ్యాహ్నం టౌను పిల్లలు డబ్బాల్లో తెచ్చుకున్న బొరుగుల ఉగ్గాని, మా మూటల్లోని రొట్టె చేతులు మారేవి. గచ్చకాయలాటలో షమీమ్‌ని మించిన వాళ్ళు లేరు. తను నా బెంచీ పిల్ల. వాళ్ళ నాయన దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఎంత దులిపినా షమీమ్ జడలో ఎక్కడో ఒక దూదిపోగు మిగిలే ఉండేది.

దసరా దాటిందంటే క్లాసులో ఒక గుబులు మొదలయ్యేది. హాజరు పిలిచేటప్పుడు ఒక పేరు తర్వాత పలుకు వినపడేది కాదు. మరికొన్నాళ్ళకు ఇంకో పేరు. మొదట పత్తి తీసే పనికి, ఆ తర్వాత మిరపకాయ కోతకు, పల్లెలకు పల్లెలే తాళాలు వేసుకుని గుంటూరు వైపు పోయేవి. దాన్నే సుగ్గికి పోవడం అనేవాళ్ళం. కన్నడంలో సుగ్గి అంటే పంట చేతికొచ్చే కాలం, సంబరం. మాకు మాత్రం ఊరు విడిచిపోవడం. ఆ ఏడు కొత్తగా వచ్చిన సోషల్ మేడంది గుంటూరు ప్రాంతమే. ఖాళీ అవుతున్న బెంచీలు చూసి, "వీళ్ళంతా ఎక్కడికెళ్ళారమ్మా?" అని అడిగారు. వెనక బెంచీలో నుంచి ఒక పిల్ల లేచి, "మీ ఊరికే మేడం. మిరక్కాయలు తెంపేకి పోయినారు," అంది. మేడం ఆ రోజు మిగతా పాఠం చెప్పలేదు.

అంతకుముందు ఏడాదుల్లో మా అమ్మానాయనలు సుగ్గికి పోయినా నాకు, మా చెల్లెలు రూతుకు దిగులుండేది కాదు. మా అవ్వ ఉండేది. బుగ్గన పొగాకు దోపుకుని, కట్టెల పొయ్యి ముందు రొట్టె తడుతూ, ఆ తాళానికే క్రీస్తు పాటలు పాడేది. రొట్టె మాడితే పాట ఆపి, "మాడిందే అరుగుతాది తినండి," అని మాకే పెట్టేది. ఆ వానాకాలంలో నాలుగు రోజుల జ్వరానికే అవ్వ పోయింది. అప్పటికి మా తమ్ముడు ఇంకా పాలు తాగే పసివాడు. చేను గట్టున వాణ్ని చూసుకోవడానికి ఒక మనిషి కావాలి. మా ఇద్దర్నీ ఊళ్ళో విడిచిపోవడానికి దిక్కు లేదు. ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. అమ్మ మాత్రం పాత చీరతో ఉయ్యాల కుడుతుంటే, అది నేను ఊపాల్సిన ఉయ్యాలేనని తెలిసిపోయేది. బడిలో లెక్కల సారు పబ్లిక్ పరీక్షలో వచ్చే లెక్కలంటూ బోర్డు నింపుతుంటే, అవి నాకు కాదేమో, నేను ఉత్తపుణ్యానికి రాసుకుంటున్నానేమో అనిపించేది.

షమీమ్‌కు చెప్పకుండా కొన్నాళ్ళు దాచాను. ఒకరోజు తనే నా గడ్డం పట్టుకుని, "నువ్వూ పోతాండావా?" అని అడిగింది. నేను తల ఊపాను. తను వాళ్ళమ్మకు, మేడానికి, ఇద్దరికీ చెప్పేసింది.

క్రిస్మస్‌కు ఇంక కొద్ది రోజులుందనగా ఒక ఆదివారం, మేడం, షమీమ్ వాళ్ళమ్మ బస్సు దిగి మా ఇంటికి వచ్చారు. అమ్మ చాప పరిచి, కొత్తగా వండిన కజ్జికాయలు పెట్టింది. మేడం నాకు చదువు వస్తుందని, ఈ మూడు నెలలు ఆగితే చాలని నచ్చజెప్పారు.

షమీమ్ వాళ్ళమ్మ, "నా బిడ్డతో పాటే ఉంటాది. ఒక రొట్టె ఎక్కువ కాలుస్తా, అంతే గదమ్మా," అంది.

"నువ్వు సూసుకుంటావు తల్లీ, కాదన్ను. ఈ సంటోణ్ని ఎవురు సూడల్ల? మేము సాళ్ళల్లో ఉంటే వాడు ఎండకు సస్తాడు," అంది అమ్మ.

గడప మీద తమ్ముణ్ని ఒళ్ళో వేసుకుని కూర్చున్న రూతు, ఏడో తరగతి పిల్ల, "నేను పోతాలే. అక్క పరీచ్చ రాసుకోనీ," అంది. ఆ మాట నీళ్ళకు పోయొస్తానన్నంత తేలికగా అంది. మేడం చేతిలోని కజ్జికాయ పళ్ళెంలో పెట్టేశారు. నాకు సంతోషం కలిగిందో భయం కలిగిందో ఈనాటికీ విడదీసి చెప్పలేను.

పండగ నాడు కొత్త గౌన్లు తొడుక్కుని, వేటమాంసం కూర తిని, గుడిలో పాటలు పాడాం. మర్నాడు తెల్లవారగానే లారీ వచ్చింది. బియ్యం మూటలు, గిన్నెలు, కోళ్ళ గంప, వాటి మీద మనుషులు. రూతు తమ్ముణ్ని పాత చీర గుడ్డలో చుట్టుకుని మూటలకు ఆనుకుని కూర్చుంది. లారీ మలుపు తిరిగేదాకా చూశాను. తను నా వైపు చూడలేదు.

షమీమ్ వాళ్ళింట్లో తెల్లారేసరికి దూది ఏకే విల్లు టంగుమని మోగేది. అన్నంలో, పుస్తకాల్లో, కనురెప్పల మీద దూదే. వాళ్ళమ్మ మా ఇద్దరికీ ఒకే దువ్వెనతో జడలు వేసి పంపేది. అయినా నా మనసు ఇక్కడ ఉండేది కాదు. ఒక మధ్యాహ్నం, గుంటూరు వైపు కూలీల ట్రాక్టరు బోల్తా పడిందట, మన పక్క వాళ్ళేనట అని బయట ఎవరో అనుకోవడం క్లాసులోకి వచ్చింది. మాలో సగం మంది వాళ్ళు అక్కడే ఉన్నారు. ఒక్కరూ ఏడవలేదు. మేడం తన ఫోను పట్టుకుని వరండాలో అటూ ఇటూ తిరుగుతూ తెలిసిన వాళ్ళందరికీ చేశారు. బడి వదిలిన గంట కొట్టినా మేం లేవలేదు. చివరికి ఆమె లోపలికొచ్చి, "మీ ఊళ్ళ వాళ్ళు కాదమ్మా," అన్నారు. అప్పుడు ఏడ్చాం. అది ఇంకెవరి ఇంటి మీదో పడిందన్న తలపు మాకు ఆ రాత్రి అన్నం ముందు కూర్చున్నాక గానీ రాలేదు.

పరీక్షలు రాశాను. మావాళ్ళు తిరిగి వచ్చేసరికి ఉగాది దాటింది. రూతు నల్లబడి, పొడుగై వచ్చింది. మిరప మంటకు వేళ్ళ చర్మం లేచిపోయి ఉంది. తమ్ముడు తనని తప్ప ఎవర్నీ దగ్గరికి రానిచ్చేవాడు కాదు. నేను పాసయ్యాను. బడి తెరిచాక రూతును మళ్ళీ చేర్పించాలని నాయన తీసుకుపోయాడు. మళ్ళీ ఏడో తరగతిలోనే చిన్నపిల్లలతో కూర్చోలేనని రెండు రోజులకే మానేసింది. ఆ తర్వాత ప్రతి ఏడూ సుగ్గికి పోయింది. పెళ్ళయ్యాకా పోయింది. ఇప్పుడు ఎమ్మిగనూరులోనే కుట్టుమిషన్ పెట్టుకుని, కూతుర్ని తొమ్మిదో తరగతి చదివించుకుంటోంది.

ఆ రేకుల గది ఇప్పుడు లేదు, దాని చోట మేడ లేచింది. షమీమ్ వాళ్ళ వీధిలో విల్లు మోత ఆగిపోయి చాలా కాలమైంది. మెషీన్లు వచ్చాయి. షమీమ్ నాయన లేడు, మా నాయనా లేడు. సుగ్గి లారీలు మాత్రం ఇంకా పోతూనే ఉన్నాయి.

మొన్న ఒక మధ్యాహ్నం మా ఇంట్లో ఇద్దరం తీరిగ్గా కూర్చున్నప్పుడు, అంత చిన్నదానివి, ఆ సుగ్గిలో ఎలా ఉన్నావే అని రూతును అడిగాను. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగని ప్రశ్న అది.

"పనికి బయపడలేదక్కా. తమ్ముడు ఏడిస్తే ఎత్తుకుంటాంటి, అంతే. నువ్వు పెయిలైతావేమో అని ఒకటే బయం. పెయిలైతే నేను పోయింది వట్టిదైపోతాది గదా," అంది.

నేను తన చేయి అందుకుని ఆ వేళ్ళు చూశాను.

"పాసైనావని తెల్సిన పొద్దు కడుపునిండా తిన్న్యా," అని చెప్పి, ఆరిన బట్టలు తెస్తానని మిద్దె మీదికి పోయింది.