బీజాపూర్‌లో తప్పిపోయిన మా ఆయన

అది యాభైల నాటి మాట. అమావాస్యకు మగ్గాలకు సెలవని మా ఆయన గోల్ గుంబజ్ చూడ్డానికి బీజాపూర్ వెళ్ళారు. మర్నాడే రావలసిన మనిషి అయిదు రోజులైనా రాలేదు. గుంబజ్ అక్కడుంటే, గోల మాత్రం దాజీ పేటలో మా ఇంటి ముందు. నాకు దొరకని మా ఆయన, నాతో బీడీలు చుట్టే ఇరుగుపొరుగు ఆడవాళ్ళ నోళ్ళకు దొరికారు.

"రైలు తప్పితే ఒక్క దినం పడ్తది. అయిదు దినాలేంది?" అంది ఎదురింటి వదిన. "గుంబజ్ మీదికెల్లి పడ్డడేమో!"

"నీ నోట్ల మన్ను వడ! ఎవతెనో చూసుకున్నడు, గంతే," అని పక్కింటి అత్త నన్ను ఓదార్చింది.

నానబెట్టిన తునికాకు ఆ పూటే చుట్టకపోతే పాడవుతుందని, లేవలేక తల వంచుకుని విన్నాను. చుట్టిన బీడీలన్నీ వంకరే. చివరికి విసిగిపోయి, ఆకుల చాట వదిన ఒళ్ళో పెట్టేసి బీజాపూర్ రైలెక్కాను.

అక్కడి సర్కారు దవాఖానాలో ఆయన మలేరియాతో వణుకుతూ కనిపించారు. నన్ను చూసి ఏడ్చారు, నేనూ ఏడ్చాను.

నాలుగు రోజులకు ఆయన్ని ఇంటికి తీసుకొస్తే, అందరూ లేచి మా వెనక వైపు తొంగి చూశారు.

"మీరిద్దరే వచ్చిన్రా?" అంది అత్త, ఎంతో నిరాశగా.