లోసానా చెప్పిన చోటు

దీవుల దేశంలోని సువా నగరపు యూనివర్సిటీలో లోసానా చేరి ఇంకా రెండేళ్లు నిండలేదు. సముద్రంలో నీళ్లు ఎటు పారతాయో కనిపెట్టడం ఆమె పని. తేలే యంత్రాలను నీళ్లలో వదులుతుంది, అవి పంపే కబుర్లతో కంప్యూటర్‌లో లెక్కలు కడుతుంది, మిగతా పొద్దు పిల్లలకు పాఠాలు చెబుతుంది. కడావు దీవి దగ్గర యంత్రాలు వదలడానికి మేనమామ కొడుకు రొపాతే పడవే ఎక్కేది.

"డబ్బాలు నీళ్లపాలు చేస్తే జీతమిస్తారని తెలిస్తే నేనూ చదువుకుందును కదే మరదలా," అనేవాడు.

"నువ్వు చదివితే బడే మునిగిపోయేది బావా," అనేది.

ఒక శుక్రవారం చేపలకని వెళ్లిన రొపాతే తిరిగి రాలేదు. గాలి ముదిరింది. గాలింపు అధికారి ఆమెకు ఫోన్ చేశాడు. "మేడమ్, ఇంజిన్ ఆగిపోయిందనుకుంటే పడవ ఎటు కొట్టుకుపోతుంది?"

లోసానా గాలి జోరు, నీటి వడి, పడవ బరువు కంప్యూటర్‌కి ఎక్కించింది. తెరమీద పడవను చూపే మచ్చ పాకుతూ పోయింది. ఎవరో తెలియనివాడి పడవకైనా ఇలాగే లెక్క కట్టేది. అదే ఆమెకు వింతగా తోచింది. మచ్చ ఆగినచోటు చెప్పింది.

మర్నాడు పడవ అక్కడే దొరికింది, బోర్లా పడి. మనిషి లేడు.

"సరిగ్గా మీరు చెప్పినచోటే మేడమ్," అన్నాడు అధికారి. మెచ్చుకోలుగా అన్నానని తోచి కాబోలు, వెంటనే గొంతు తగ్గించాడు.

మళ్లీ లెక్క కట్టింది. ఈసారి పడవకు కాదు, మనిషికి. విమానం ఆ మేరంతా నాలుగు రోజులు జల్లెడ పట్టింది. ఏమీ కనబడలేదు. ఇంకా వెతకమంటారా అని అధికారి అడిగాడు. మనిషి నీళ్లలో ఎంతకాలం తట్టుకోగలడో ఆమెకు తెలుసు; ఆ గడువు దాటిపోయింది.

"లాభం లేదండీ," అంది.

రొపాతే వాళ్ల ఊరికి వెళ్లేసరికి ఆడవాళ్లు చాపల మీద కూర్చుని ఏడుస్తున్నారు. పక్కన కూర్చుంది. కన్నీరు రాలేదు. మేనమామ వాకిట్లోకి పిలిచాడు.

"ఆపమన్నది నువ్వేనటగా?"

"నేనే, మామయ్యా."

ఆయన లోపలికి వెళ్లి, ఉడికిన కర్రపెండలం ముక్కతో తిరిగొచ్చాడు.

"ఇంకెవరన్నా చెబితే నమ్మేవాణ్ణి కాదమ్మా. నువ్వన్నావు గనక రేపు చర్చిలో ప్రార్థన పెట్టిస్తా." ముక్క ఆమె చేతిలో పెట్టాడు. "తిను."

తింది. రుచి తెలియలేదు.

ప్రార్థన మర్నాడు, సోమవారం, క్లాసుకు వెళ్లింది. గాలి నీళ్లను ఎలా నెడుతుందన్నది ఆనాటి పాఠం.

"మేడమ్, మీకు సెలవివ్వలేదా?" అంది ముందు వరుస అమ్మాయి, మెల్లగా.

"నేనడగలేదు," అంది లోసానా.

బోర్డు మీద బాణం గీసి, పక్కన 'గాలి' అని రాసింది. పిల్లలు పుస్తకాల్లోకి ఎక్కించుకునేదాకా ఆగి, నీళ్లకు రెండో బాణం గీసింది.