తెలుగులో గద్ద పేరు

నా చిన్నప్పుడు మేం బెంటన్‌విల్‌లో ఉండేవాళ్లం. పక్కింటి డాక్టర్ అంకుల్‌కి పక్షులంటే ప్రాణం. ప్రెయిరీ చికెన్లనే గడ్డిమైదానపు కోళ్లు వసంతంలో పెట్టల ముందు నాట్యం చేస్తాయని, అది చూడటానికి ఆయన రెండుసార్లు కాన్సస్ దాకా వెళ్లారు. ఒకసారి వాన, ఒకసారి పొగమంచు. మరుసటి నెలలో దూరాన ట్రాయ్‌లో ఉంటున్న కూతురి దగ్గరికి మారిపోతున్నారు కాబట్టి మూడోదే ఆఖరి ప్రయత్నం. దానికి నన్నూ, ఇండియా నుంచి మమ్మల్ని చూడవచ్చిన మా నాయనమ్మనూ ఎందుకు వెంటబెట్టుకెళ్లారో ఆ దేవుడికే తెలియాలి.

"కోళ్లను చూడ్డానికి నాలుగు గంటలు కారులో కూర్చోవాలా డాక్టరుగారూ?" అని నాయనమ్మ దారంతా దెప్పుతూనే ఉంది.

తెల్లవారకముందే గైడ్ మమ్మల్ని తన వ్యాన్‌లో మైదానం మధ్యనున్న చెక్కగదికి తీసుకెళ్లాడు. అందులో పదిమందిమి దాక్కుని, కిటికీ సందుల్లోంచి చూస్తూ కూర్చున్నాం. మాట్లాడకూడదు, కదలకూడదు. వెలుతురు రాగానే పుంజులు దిగాయి. మెడ పక్కన నారింజరంగు సంచులు బూరల్లా ఉబ్బించి, కాళ్లు టకటకలాడిస్తూ ఒకటే హంగామా. పెట్టలు మాత్రం తమకేం పట్టనట్టు గింజలేరుకుంటున్నాయి.

సరిగ్గా అప్పుడే నాకు తుమ్మొచ్చింది. శాలువాలో తల దూర్చి, చప్పుడు కాకుండా తుమ్మాను. పుంజులు పట్టించుకోలేదు. కానీ మనవరాలు తుమ్మితే మా నాయనమ్మ నోరు ఊరుకుంటుందా? "చిరంజీవ! చిరంజీవ!" అని గొంతెత్తి దీవించింది.

క్షణంలో మైదానం ఖాళీ. అందరూ మావైపు తిరిగారు. నాయనమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమె కళ్లలో నీళ్లు చూసి నాకు ఏడుపొచ్చింది. అంకుల్ బైనాక్యులర్స్ దించకుండా ఖాళీ గడ్డినే చూస్తున్నారు. ఆవిడ ఏమన్నారని గైడ్ అడిగాడు. అంకుల్ బైనాక్యులర్స్ ఆకాశంవైపు తిప్పి, గద్ద వచ్చిందనీ, తెలుగులో గద్దను చిరంజీవ అంటారనీ తొణక్కుండా ఇంగ్లీషులో చెప్పారు.

గద్దొస్తే కోళ్లు ఎగిరిపోవడం మామూలేనట. అందరూ నాయనమ్మ చూపును మెచ్చుకున్నారు.

చాలాసేపటికి ఒకే ఒక్క పుంజు తిరిగొచ్చి, చూసే పెట్ట లేకపోయినా చిందులేసింది. అంకుల్ రెప్ప వేయలేదు.

వ్యానెక్కుతుంటే నిజంగానే గద్ద కనబడింది. గైడ్ చెయ్యి పైకెత్తి "చిరాంజీవా!" అని కేకేశాడు. ఇంగ్లీషు రాని నాయనమ్మ మురిసిపోయింది.

"ఈ వయసులో నన్ను దీవించావు, నువ్వూ నూరేళ్లు బతుకు నాయనా!" అంది.

కారులో నేను సారీ చెబితే, "ఒకటొచ్చి ఫుల్ షో చేసింది కదమ్మా, ఇంకేం కావాలి?" అన్నారు అంకుల్.

ఆయన కసురుకున్నా ఆరోజు ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఇప్పుడు నాకూ తల నెరుస్తోంది. పదిమందిలో ఎవరైనా పొరపాటు చేసి తలదించుకుంటే, నష్టం నాదే అయినా సరే, ముందు ఆకాశంలో ఒక గద్ద కోసం వెతుకుతాను.